లంగోట ముడి

సిద్ధలింగప్ప తనను మొదటిసారి ఎప్పుడు కొట్టాడో శివశరణ్‌కు గుర్తులేదు. ఎంత వెనక్కి తలచుకున్నా ఆ చెయ్యి అప్పటికే పైకి లేచి ఉండేది. తండ్రి పోయాక తల్లి పుట్టింటికి వెళ్లి మళ్లీ రాలేదు. తండ్రికి అన్న అయిన సిద్ధలింగప్ప పిల్లవాణ్ణి రెక్క పట్టుకొని తెచ్చి తన కుస్తీ తాలీంలో పడేశాడు. ఇంట్లో కన్నడం మాట్లాడే కుటుంబం కాబట్టి శివశరణ్ ఆయన్ను దొడ్డప్ప అనేవాడు. తాలీంలో మాత్రం అందరిలాగే ఉస్తాద్ అనాలి. మరిచిపోయి దొడ్డప్ప అన్నాడంటే చెంప పగిలేది.

నారాయణఖేడ్ పాత బజారు వెనక రేకుల కప్పు కింద ఉండేది ఆ తాలీం. గోడకు హనుమంతుడి పటం, దాని కింద మోకాలి లోతు ఎర్రమట్టి గుంత. పసుపూ నూనే మజ్జిగా కలిపి తవ్విన ఆ మట్టిలోనే శివశరణ్ పెరిగాడు. కింద పడితే దెబ్బ. అవతలివాణ్ణి పడేసి నవ్వినా దెబ్బే. ఎడమ చెవి నలిగి నలిగి ఎండిన అంజీర్ పండులా ముడుచుకుపోయింది. రెండు వేళ్లు విరిగి వంకరగా అతుక్కున్నాయి. తానూ తక్కువ తినలేదు. ఔరాద్ నుంచి వచ్చిన ఒక పహిల్వాన్ భుజాన్ని గూట్లోంచి ఊడదీసి, వాడు కేకలు పెడుతుంటే మీద కూర్చుని ఉస్తాద్ వైపు చూశాడు, మెచ్చుకుంటాడేమోనని. సిద్ధలింగప్ప తువ్వాలు దులుపుకొని వెళ్లిపోయాడు.

ముప్పై దాటేసరికి చుట్టుపక్కల జాతరల్లో గెలిచినవాడికి వెండి కడెం ఇచ్చే ఆఖరి కుస్తీ అంటే శివశరణ్ పేరే చెప్పేవారు. కుస్తీలు లేని రోజుల్లో దొడ్డప్ప పప్పుల దుకాణంలో కందుల బస్తాలు మోసేవాడు. పెళ్లయింది. భార్య దాక్షాయణిది నోరున్న స్వభావం. ఈ ఇంట్లో దెబ్బ తినకుండా మాట్లాడగలిగింది ఆమె ఒక్కతే.

తాలీంలో ఒక కట్టుబాటు ఉండేది. జాతర దగ్గర పడగానే ఉస్తాద్ తన చేతులతో పహిల్వాన్‌కు లంగోట బిగించి ముడి వేస్తాడు. ఇక కుస్తీ అయ్యేదాకా పెళ్లాం దగ్గరికి పోకూడదు. మగవాడి బలమంతా ధాతువులో, అంటే వీర్యంలో ఉంటుందని, అది కిందికి జారితే ఒళ్లు ఖాళీ అవుతుందని సిద్ధలింగప్ప నమ్మకం. నీళ్ల సంగతీ అంతే. ఎక్కువ తాగితే మూత్రం ఎక్కువ, ఆ మూత్రంతోనే ధాతువూ పోతుంది. అందుకని జాతర ముందు రోజుల్లో చెంబు కూడా లెక్క ప్రకారమే ఇచ్చేవాడు. ఆయన గురువు ఆయనకు అలాగే చెప్పాడు. ఆయనా అలాగే గెలిచాడు.

ఆ యేడు బోరంచ నల్లపోచమ్మ జాతరకు ముడి పడిన కొన్నాళ్లకే శివశరణ్‌కు మంట మొదలైంది.

తాలీం గోడ వెనక నిలబడితే చుక్కలు చుక్కలుగా వచ్చేది. ఆ చుక్కలతో పాటు మిరపకాయ నూరి లోపల పూసినట్టు మండేది. అయిపోయిందనుకొని తిరిగి వస్తే మళ్లీ వచ్చినట్టుండేది. కూర్చుంటే కాళ్ల సందున గుండ్రాయి మీద కూర్చున్నట్టు నొప్పి. కొన్ని రోజులకు వణుకు కూడా పట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్పాలి? ఆ చోట నొప్పి అని తాలీంలో అంటే నవ్వుతారు. అదే మాట ఉస్తాద్‌తో అంటే ఏమవుతుందో శివశరణ్‌కు తెలుసు.

చెప్పకపోయినా ఉస్తాద్ కనిపెట్టాడు. మట్టిలో కుస్తీ నడుస్తుండగా పహిల్వాన్ మాటిమాటికీ గోడ వెనక్కి పోవడం చూసి, వెంట వెళ్లి నేల వైపు చూశాడు. తెల్లగా చిక్కగా ఏదో పడి ఉంది.

"ఎవతెర?" అన్నాడు.

"ఏంది ఉస్తాద్?"

"గది ఎవతె అని అడుగుతున్న. నా ముడి ఇప్పి ఎవతె దగ్గరికి పోయినవ్?"

"ఎవలి దగ్గరికి పోలే. మంట లేస్తుంది, అంతే. పోచమ్మ తోడు."

తోడు అన్న మాట పూర్తి కాకముందే వేపకట్టె తొడ మీద పడింది. తర్వాత వీపు మీద, మోచేతి మీద. శివశరణ్ ఒక్క చేత్తో ఆ ముసలాయనను ఎత్తి గోడ అవతల పడేయగలడు. అయినా నిలబడి తిన్నాడు. చెయ్యి అడ్డం పెట్టడం కూడా ఆ తాలీంలో తప్పే. కట్టె విరిగాక సిద్ధలింగప్ప పిడికిలితో కొట్టాడు. తాలీం వాళ్లంతా తల వంచుకొని మట్టి చూస్తూ నిలబడ్డారు. వాళ్లలో పెద్దవాడు శివరాజ్ మాత్రం కళ్లార్పకుండా చూశాడు. శివశరణ్ తర్వాత కడెం కుస్తీకి వరసలో ఉన్నది అతనే.

కేకలు విని దాక్షాయణి లోపలికి వచ్చింది. ఆడవాళ్లు అడుగు పెట్టకూడని చోటికి చెప్పులతో సహా వచ్చింది.

"ఎందుకు కొడుతున్నవ్ మామా? ముడి పడ్డకాంచి ఆయన నా అర్రల అడుగు వెట్టలే. నా మీద చెయ్యి ఏసింది లేదు. నేను సాక్షి."

సిద్ధలింగప్ప ఊపిరి తీసుకొని, "నీ దగ్గరికి రాలేదా?" అన్నాడు.

"రాలే."

"గట్లయితే ఇంకొకతె దగ్గరికి పోయిండు. నువ్వే చెప్తున్నవ్ గదా!"

దాక్షాయణి మొగుడి కోసం చెప్పిన సాక్ష్యమే మొగుడి మీద నేరం అయింది. శివరాజ్ కిసుక్కున నవ్వాడు. ఆమె చెప్పు తీసి అతని మొహం మీదికి విసిరింది. అది గురి తప్పి హనుమంతుడి పటం కింద పడింది. దానికి మళ్లీ శివశరణే దెబ్బలు తిన్నాడు.

చివరికి సిద్ధలింగప్ప తీర్పు చెప్పాడు. బోరంచలో ఆఖరి కుస్తీ కంగ్టి ఊరి పహిల్వాన్ స్తెఫనుతో. గెలిస్తే శివశరణ్ నిఖార్సైనవాడు. ధాతువు పోయినవాడు స్తెఫనును ఎత్తలేడు.

"ఓడినవంటే నా గడప తొక్కకు. ఎవనికి పుట్టినవో వాని దగ్గరికి పో."

సాయంత్రానికల్లా ఆ మాట బజారంతా తిరిగింది. దుకాణానికి వచ్చినవాళ్లు కందుల ధర కంటే ముందు శివశరణ్ నడుము కింద చూసేవారు. హోటల్లో చాయ్ తాగుతుంటే వెనక బెంచీ మీద ఎవడో, "పట్నం పోయొచ్చిండేమో, అక్కడ సస్తగ దొరుకుతది" అన్నాడు. శివశరణ్ లేచి ఆ బెంచీ ఎత్తి వాడి మీద వేశాడు. వాడి పళ్లు ఊడాయి. ఊళ్లో మాట మాత్రం ఆగలేదు. ఇక తన మాటను నమ్మించడానికి ఆ కుస్తీ ఒక్కటే మిగిలిందని శివశరణ్‌కు అర్థమైంది. ఊరు నమ్మకపోయినా పరవాలేదు. దొడ్డప్ప నమ్మాలి.

సిద్ధలింగప్ప ముడి ఇంకా బిగించాడు. నీళ్లు ఇంకా తగ్గించాడు. బాదం నూరి నెయ్యిలో కలిపి పెట్టాడు. అది తింటే వాంతి వచ్చేది. జ్వరం ఒంట్లో ఇల్లు కట్టుకుంది.

ఒక పొద్దున దాక్షాయణి అతణ్ణి ఆటో స్టాండు దాకా లాక్కొచ్చింది.

"దవాఖానకు నడు. జల్దీ ఎక్కు."

"ఏమని చెప్పుకోవాలె ఆడ? కాళ్ల సందుల చూపియ్యాల్నా?"

"చూపియ్యి. చచ్చినంక అందరు చూస్తరు గదా, ఇప్పుడు ఒక్క డాక్టర్ చూస్తడు."

ఆటోవాళ్లు నవ్వారు. శివశరణ్ చెయ్యి లేచింది. ఆమె పెదవి చిట్లి గడ్డం మీదికి నెత్తురు కారింది. తుడుచుకోకుండానే ఆమె అతని కళ్లలోకి చూసింది.

"కొట్టు. ఇది నీ చెయ్యి కాదు. ముసలోని చెయ్యి. నీకు అతికించిండు."

శివశరణ్ ఆటో ఎక్కలేదు. తాలీంకు తిరిగి వెళ్లాడు.

బోరంచ జాతర రోజు మధ్యాహ్నం డప్పులు దద్దరిల్లుతున్నాయి. ముందు చిన్నవాళ్ల కొబ్బరికాయ కుస్తీలు అయ్యాయి. తర్వాత బరి చుట్టూ జనం గోడలా కట్టుకున్నారు. స్తెఫను వచ్చి వంగి మట్టి తీసుకొని నుదుట పెట్టుకున్నాడు. బోరుబండి మీద పనిచేసి ఇనుప పైపులెత్తి ఎత్తి గిత్త మెడలా తయారైంది అతని మెడ. తల్లి రిబ్కమ్మ ఆదివారం చర్చిలో ప్రార్థన చేయించిందట, కాళ్లూ చేతులూ విరగకుండా ఇంటికి రావాలని.

చేతులు కలిశాయి. తలలు ఢీకొన్నాయి. మెడల మీద అరచేతుల దెబ్బలు డప్పులను మించి మోగాయి. స్తెఫను అతన్ని ఒళ్లో బిగించి, అలాగే ఆగిపోయాడు.

"ఏందిర శరణా, ఒళ్లు పెనం లెక్క కాలుతుంది?" అన్నాడు చెవి దగ్గర.

"మూసుకొని ఆడు."

"చస్తవ్ రా. భుజాలు నేలకు ఆనియ్యి, ఓడిపో. కడెం తీస్కొని పోత, నువ్వు దవాఖానకు పో."

"ఆనిస్తె నేను తిరుగుబోతునైత. ఆడు!"

స్తెఫను పట్టు సడలించాడు. అది జాలి అని తెలిసి శివశరణ్‌కు ఒళ్లు మండింది. బొటనవేలు అతని కంట్లో గుచ్చాడు. ఆ అధర్మం తాను ఎన్నడూ చేసినవాడు కాదు. స్తెఫను అరిచాడు. ఇక అతనికీ జాలి పోయింది. తలతో ముక్కు మీద గుద్దాడు. నెత్తురు ఇద్దరి ఛాతీల మీదా చిందింది. శివశరణ్ అతని మోకాలు మడమతో తన్నాడు. కింద పడ్డారు, లేచారు, మళ్లీ పడ్డారు. మట్టి నోట్లోకి పోయింది. అప్పుడు స్తెఫను ఒక చెయ్యి మెడ చుట్టూ వేసి, రెండో చేత్తో వెనక నుంచి లంగోట బిగువు పట్టుకొని, మనిషిని అమాంతం పైకెత్తి, కాళ్ల సందున మోకాలు వచ్చేలా నేలకు కొట్టాడు.

లోపల ఏదో పగిలింది.

శివశరణ్ నోట్లోంచి వచ్చిన కేక మనిషిది కాదు. తెల్లటి లంగోట మొదట పసుపు రంగుకు, తర్వాత ఎరుపుకు తిరిగింది. కంపు కొట్టింది. ముందు వరసవాళ్లు ముక్కులు మూసుకొని వెనక్కి జరిగారు. స్తెఫను చేతులు వదిలి, "ఆపుండ్రి! డప్పులు ఆపుండ్రి!" అని అరిచాడు.

సిద్ధలింగప్ప బరిలోకి వచ్చాడు. చేతిలో కొత్త వేపకట్టె.

"లే!" అని డొక్కలో పొడిచాడు. "లేవుర! నా పేరు మట్టిల కలుపుతవా?"

శివశరణ్ మోకాళ్ల మీదికి వచ్చాడు.

ముసలాయన జనం వైపు తిరిగి, కట్టెతో అతని తొడల మధ్య చూపిస్తూ అరిచాడు. "చూడుండ్రి! అందరు చూడుండ్రి! లంజల ఎంట తిరిగినోని ఒళ్లు గిట్ల కారుతది! వీడు నా తమ్మునికి పుట్టలే!"

కట్టె మళ్లీ లేచింది. ఈసారి అది కిందికి దిగలేదు. శివశరణ్ ఆ మణికట్టు పట్టుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చెయ్యి అడ్డం పెట్టాడు. తర్వాత జరిగింది అతను ఆలోచించి చేసింది కాదు. ధోబీ పఛాడ్ అంటారు దాన్ని. బండ మీద బట్ట ఉతికినట్టు మనిషిని భుజం మీదుగా తిప్పి నేలకేసి కొట్టే పట్టు. దొడ్డప్పే నేర్పాడు. వంద తప్పులకు వంద దెబ్బలు కొట్టి నేర్పాడు. ఒళ్లు దానంతట అదే తిరిగింది. ముసలి శరీరం తేలిగ్గా గాలిలోకి లేచి, తుంటి మీద పడింది. ఎండు కట్టె విరిగిన చప్పుడు డప్పులు ఆగిన నిశ్శబ్దంలో అందరికీ వినిపించింది.

మరుక్షణం తాలీం వాళ్లు శివశరణ్ మీద పడ్డారు. శివరాజ్ మొహం మీద తన్నాడు. ఇంకొకడు డొక్కలో తన్నాడు. స్తెఫను ఒక్క కన్ను మూసుకొని, ఆ కంట్లోంచి నీళ్లు కారుతుండగా, అతని మీద అడ్డంగా నిలబడి వచ్చినవాణ్ణి వచ్చినట్టు విసిరేశాడు. జనంలోంచి తోసుకుంటూ వచ్చిన దాక్షాయణి శివరాజ్ చెయ్యి పట్టి కొరికింది. గాజులు పగిలి ఆమె మణికట్టే కోసుకుపోయింది.

దొరికింది ఒక్క బండే. కొట్టినవాణ్ణీ, కొట్టించుకున్నవాణ్ణీ అందులోనే పక్కపక్కన పడుకోబెట్టారు. తుంటి విరిగిన మనిషి దారి పొడుగునా, చెయ్యి అందినంత మేర శివశరణ్‌ను కొడుతూనే ఉన్నాడు. దాక్షాయణి మధ్యలో కూర్చుని ఆ దెబ్బల్లో సగం తన భుజం మీద తీసుకుంది.

పట్నం దవాఖానలో శివశరణ్ పొత్తికడుపులోంచి గొట్టం వేసి మూత్రం తీశారు. మత్తిచ్చి చీము కడిగారు. ప్రాణం ఉంటుందో పోతుందో చెప్పలేమన్న రోజులు గడిచి, కళ్లు తెరిచాక డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి చెప్పింది.

"మూత్రసంచి కింద ప్రతి మగవాడికీ ఒక చిన్న గ్రంథి ఉంటుంది. ప్రోస్టేట్ అంటాం. దానికి చీము పట్టింది. అక్కణ్ణుంచి రక్తంలోకి పాకింది."

"గది ముసలోళ్లకు వచ్చే బీమారి గదా అమ్మా?" అంది దాక్షాయణి.

"ముసలివాళ్లకు ఆ గ్రంథి పెరుగుతుంది, అది వేరు. వయసులో ఉన్నవాళ్లకు దాంట్లో క్రిములు చేరతాయి. మంట మొదలైనప్పుడే వచ్చి ఉంటే గోలీలతో పోయేది. కొన్ని వారాలు మానకుండా మింగాలి, అంతే. నీళ్లు తాగకుండా, వచ్చిన మూత్రం ఆపుకుంటూ, పైగా ఆ జ్వరంతో కుస్తీ పట్టాడు."

శివశరణ్ ఎండిన పెదవులతో అడిగాడు. "తప్పుడు తిరుగుడుతోనేనా, ఇది?"

"కొందరికి అట్లా కూడా రావచ్చు. నీకు కాదు. నీ చీములో దొరికింది అందరి పేగుల్లోనూ ఉండే క్రిమి. దానికీ ఆడవాళ్లకూ సంబంధం లేదు."

"గీ మాట పైన ఎముకల వార్డుల ఒక ముసలాయనకు చెప్పు అమ్మా. నీకు పుణ్యముంటది."

డాక్టరమ్మ నిజంగానే వెళ్లి చెప్పింది. సిద్ధలింగప్ప అంతా విని, "అమ్మా, నీకు కుస్తీ ఎరుకనా?" అన్నాడు. ఆమె ఎరుక లేదంది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

ఆయన తుంటిలో రాడ్ వేసినా లేచి నడవలేదు. ఇంటికి తెచ్చాక ఆయన మలమూత్రాలు ఎత్తింది శివశరణే. బరువు ఎత్తొద్దని డాక్టరమ్మ చెప్పినా, పుండ్లు పడకుండా రోజూ అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టేవాడు. తిప్పుతుంటే ముసలాయన గోళ్లతో గీరేవాడు. అతని ముంజేతుల నిండా గీతలు. తాలీంను శివరాజ్ తీసుకున్నాడు. దుకాణానికి వచ్చేవాళ్లు డాక్టరమ్మ మాటలు విని తల ఊపేవారు. అవతలికి పోయి, పెదనాయన నడుము విరగ్గొట్టినోడు ఏమన్నా చెప్తడు అనుకునేవారు.

సిద్ధలింగప్ప అతనితో మాట్లాడింది ఒక్కసారే. వీపు తుడుస్తుంటే హఠాత్తుగా అన్నాడు.

"ఆ రోజు ఎడమ కాలు ఇంకింత ముందర పెట్టాల్సుండె. నా తల పగులుతుండె. ఆన్నే అయిపోతుండె."

శివశరణ్ చెయ్యి ఆగింది.

"పట్టు మంచిగ పడ్డది," అన్నాడు ముసలాయన మళ్లీ.

ఇన్నేళ్లలో ఆయన నోట వచ్చిన మొదటి మెచ్చుకోలు అది. శివశరణ్ మంచం ముందుకు వచ్చి కూర్చున్నాడు.

"దొడ్డప్పా, నేను ఎవతె దగ్గరికి పోలే. ఇప్పుడన్న నమ్ముతున్నవా?"

సిద్ధలింగప్ప మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. కొత్త పంట కందులు దుకాణానికి రావడం మొదలైన వారంలో, ఒక తెల్లవారుజామున, అలా గోడ వైపు తిరిగే పోయాడు.

లింగాయతుల్లో చనిపోయినవాణ్ణి కూర్చోబెట్టి పూడుస్తారు. ఇంట్లోనే కాళ్లు మడిచి కూర్చోబెట్టి, విభూతి పెట్టి, చేతిలో లింగం ఉంచాలి. ఔరాద్ చుట్టాల కోసం ఆగేసరికి శరీరం బిగుసుకుపోయింది. రాడ్ వేసిన కాలు మడత పడలేదు. పట్టుకున్నవాళ్లంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకొని వెనక్కి తగ్గారు. శివశరణ్ ముందుకు వచ్చి, తుంటి మీద మోకాలు ఆనించి, రెండు చేతులతో కాలు పట్టి బలంగా వంచాడు. లోపల చప్పుడైంది. చెన్నబసమ్మ అనే ముసలి మేనత్త చెవులు మూసుకొని ఏడ్చింది.

గుంత దగ్గర శివరాజ్ అడ్డం వచ్చాడు. వెనక తాలీం వాళ్లంతా ఉన్నారు.

"చంపినోడు గుంతల దిగుతడా? వాని చేతులు తగలొద్దు ఉస్తాద్‌కు."

"చంపినోడే సాకిండు గదర ఇన్ని రోజులు. నువ్వొచ్చి ఒక్కనాడన్న ముడ్డి కడిగినవా?" అంది దాక్షాయణి.

శివరాజ్ ఆమె వైపు అడుగు వేశాడు. శివశరణ్ అతని గొంతు పట్టుకున్నాడు. గుడ్లు బయటికి వచ్చేదాకా పట్టుకొని, క్రియలు జరిపించే జంగమయ్య "శవం ముందర వద్దు నాయినా" అన్నాక వదిలాడు. పొత్తికడుపు మీద పాత గాయం చోట నొప్పి లేచింది. పట్టించుకోకుండా గుంతలోకి దిగాడు.

పైనుంచి దించిన శరీరం నిలవలేదు. విరిగిన వైపు ఒరిగిపోతోంది. శివశరణ్ దాని వెనక కూర్చుని, రెండు చేతులు చంకల కింద నుంచి పోనిచ్చి, ఆ వీపును తన ఛాతీకి బిగించి పట్టుకున్నాడు. పట్టు సడలించడానికి లేదు, మట్టి ఒడి దాకా నిండేవరకు.

అతను మొహం వంచి, చల్లబడిన ఆ చెవి దగ్గర నోరు పెట్టాడు.

"నేను పోలే, దొడ్డప్పా," అన్నాడు. కొంచెం ఆగి, జవాబు కోసం విన్నవాడిలా విని, మళ్లీ గట్టిగా, పైవాళ్లకు కూడా వినబడేంత గట్టిగా అన్నాడు. "పోలే!"

శివశరణ్ తల పైకెత్తి, మట్టి పొయ్యమన్నాడు.